దేవుని సన్నిధిలో ప్రవేశించడం, ఆయన ఇచ్చిన అధికారంలో నిలబడడం ఎలా?

"విశ్వాసికి అధికారం ఉంది" అన్న బోధ వినని క్రైస్తవులు ఇప్పుడు అరుదు. సాతానును బంధించమంటారు, రోగాన్ని గద్దించమంటారు, యేసు నామంలో ఆజ్ఞాపించమంటారు. విన్నవాళ్లు నిజమైన ఆశతో ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుని, గొంతు పోయేదాకా ఆజ్ఞాపిస్తారు. ఏమీ మారకపోతే తమకు విశ్వాసమే లేదని కుమిలిపోతారు. అలాంటివాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. వాళ్లకు అందింది సగం సత్యం. మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

మార్కు 3:14-15 తీసి చూడండి. యేసు ప్రభువు పన్నెండుమందిని ఎందుకు నియమించాడో అక్కడ ఉంది. వాళ్లు తనతో కూడ ఉండాలి. దయ్యాలను వెళ్లగొట్టే అధికారంతో సువార్త ప్రకటించడానికి వెళ్లాలి. తనతో ఉండడం మొదటిది, అధికారం దాని వెనుక వచ్చేది. మనలో చాలామందిమి ఈ వరుసను తలకిందులు చేశాం. ఆజ్ఞాపించడం నేర్చుకున్నాం గానీ, ఎవరి సన్నిధిలో నుంచి వచ్చి ఆజ్ఞాపించాలో ఆ సన్నిధిలో ఉండడం నేర్చుకోలేదు. కింద చెప్పే పద్ధతి ఈ వరుసను సరిచేసుకోవడానికే. ఏ మెట్టునూ దాటేసి ముందుకు వెళ్లకండి.

మొదట, ద్వారం దాటారో లేదో చూసుకోండి

నీకొదేము పరిసయ్యుడు, యూదుల అధికారి, ఇశ్రాయేలుకు బోధకుడు. రాత్రివేళ యేసు దగ్గరకు వచ్చి ఎంతో మర్యాదగా మాట మొదలుపెట్టాడు. ప్రభువు నేరుగా విషయానికి వచ్చేశాడు. కొత్తగా జన్మిస్తేనే తప్ప ఎవరూ దేవుని రాజ్యాన్ని చూడలేరు. నీటిమూలంగా, ఆత్మమూలంగా జన్మిస్తేనే తప్ప అందులో ప్రవేశించలేరు (యోహాను 3:3-5). లేఖనాలు బోధించేవాడికే ఈ మాట చెప్పవలసి వచ్చింది. కాబట్టి క్రైస్తవ కుటుంబంలో పుట్టాం, చిన్నప్పటి నుంచి పాటలన్నీ వచ్చు, సంఘంలో నలుగురికీ తెలుసు అని మనం ఈ ప్రశ్నను తప్పించుకోలేం.

ఒక కాగితం తీసుకోండి. "ఈ రాత్రి దేవుని ఎదుట నిలబడవలసి వస్తే దేని ఆధారంగా నిలబడతాను?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, కాబట్టి ఉన్నదున్నట్టు రాయండి. మీ జవాబులో మీ ఉపవాసాలు, కానుకలు, పరిచర్య, మంచితనం ముందు వరుసలో నిలబడితే అక్కడే ఆగిపోండి. మిగతా మెట్లు తరువాత చూడవచ్చు.

ఆగినచోట చేయవలసింది మార్కు 1:15లో ఉంది: దేవుని రాజ్యం సమీపించింది, మారుమనస్సు పొంది సువార్తను నమ్మండి. మీ పాపాన్ని దాని పేరుతోనే దేవుని ముందు ఒప్పుకోండి. "నాలో బలహీనతలున్నాయి ప్రభువా" అని చుట్టూ తిరగకండి. అబద్ధమైతే అబద్ధం, వ్యభిచారమైతే వ్యభిచారం, ద్వేషమైతే ద్వేషం అని చెప్పండి. యేసు మీ పాపాల కోసం చనిపోయి తిరిగి లేచాడని హృదయంలో నమ్మి, ఆయనే ప్రభువని నోటితో ఒప్పుకోండి (రోమా 10:9). దీనికి ప్రత్యేకమైన పదాలేమీ లేవు. ఆయన పక్కన సిలువ మీద ఉన్న నేరస్థుడు "నీ రాజ్యంతో వచ్చేటప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకో" అన్నాడు, అంతే. ఆ రోజే పరదైసులో ఉంటావన్న మాట పొందాడు. తరువాత మీ సంఘ కాపరిని కలిసి జరిగినది చెప్పండి, బాప్తిస్మం ఇంకా తీసుకోకపోతే ఆ సంగతి మాట్లాడండి.

యోహాను 1:12 ప్రకారం, ఆయనను అంగీకరించినవారికి దేవుడిచ్చిన అధికారం తన పిల్లలయ్యే అధికారం. దయ్యాల మీద అధికారం గురించి తపించే ముందు ఈ అధికారం చేతికి వచ్చిందని రూఢి చేసుకోండి.

లోపలికి వెళ్లడం అలవాటు చేసుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగుతాను. చాలామంది ఇక్కడే జారిపోతారు.

పాత నిబంధనలో అతిపరిశుద్ధ స్థలంలోకి ఒక్కడే వెళ్లేవాడు, ప్రధానయాజకుడు. అదీ ఏడాదికి ఒక్క రోజు, ఏడో నెల పదో తేదీన. అతడు స్నానం చేసి నారబట్టలు వేసుకోవాలి, ముందు తన పాపాల కోసం కోడెదూడను బలి ఇవ్వాలి, ధూపం పొగ కరుణాపీఠాన్ని కమ్మేలా చేయాలి, లేకపోతే చనిపోతాడు (లేవీయకాండం 16). మిగతా జనమంతా బయటే. వాళ్లకూ ఆ స్థలానికీ మధ్య తెర. యేసు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగింది (మత్తయి 27:51). కింద నిలబడిన మనిషి చింపితే అది కిందనుంచి పైకి చినగాలి. దారి తెరిచింది దేవుడే.

ఎస్తేరు కథ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆమె రాజుకు భార్య, సింహాసనం మీద కూర్చున్నవాడు ఆమె భర్త. అయినా ముప్పై రోజులుగా పిలుపు రాలేదు, పిలవకుండా వెళ్తే మరణశిక్ష. రాజు బంగారు దండం చాపితేనే బతుకుతుంది. "నశిస్తే నశిస్తాను" అనుకుని వెళ్లింది. మనలో చాలామంది ప్రార్థన సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఈ రోజు దండం చాపుతాడో లేదో అన్న భయంతో మోకరిస్తాం. హెబ్రీ 4:16 మనల్ని ధైర్యంతో కృపాసనం దగ్గరకు రమ్మంటోంది. ఆ ధైర్యానికి ఆధారం ఏమిటో అదే పత్రిక 10:19 చెబుతుంది: యేసు రక్తం.

ఈ సత్యం మీకు ఎంత పట్టుబడిందో తెలిసేది మంచి రోజున కాదు. ఒక సాయంత్రాన్ని ఊహించుకోండి. పని ఒత్తిడిలో ఉండి మీ పిల్లవాడి మీద అరిచారు. వాడు తప్పు చేయలేదు, మీ కోపం ఎక్కడిదో తీసుకొచ్చి వాడి మీద కుమ్మరించారు. వాడు ఏడ్చి నిద్రపోయాడు. మీరు బైబిలు తెరిచారు, అక్షరాలు కనబడుతున్నాయి గానీ లోపలికి వెళ్లడం లేదు. "ఈ నోటితోనా ప్రార్థన? ఈ రోజుకు వద్దులే, రేపు మనసు బాగున్నప్పుడు చూద్దాం" అనిపిస్తుంది. వినడానికి వినయంలా ఉండే ఈ మాట నిజానికి నిన్నటి దాకా మీ మంచి ప్రవర్తనే మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లిందని చెబుతోంది. ఆ సాయంత్రం చేయవలసింది ఇది: ఆ క్షణంలోనే, ఆ బరువుతోనే మోకరించండి. "తండ్రీ, ఈ సాయంత్రం నా బిడ్డ మీద అన్యాయంగా కోపగించాను. ఇది పాపం. యేసు రక్తాన్ని బట్టి నన్ను క్షమించు. ఆయనను బట్టే నీ దగ్గరకు వచ్చాను" అని చెప్పండి. 1 యోహాను 1:9 వాగ్దానాన్ని పైకి చదవండి. మనసు తేలికపడేదాకా ఎదురుచూడకుండా, క్షమించబడినవారిగా మిగతా ప్రార్థన కొనసాగించండి. పొద్దున పిల్లవాడు లేవగానే వాడి ఎదుట కూర్చుని క్షమాపణ అడగండి. అందులో ఏ భాగాన్నీ వదలకండి.

ప్రతిరోజూ ప్రార్థనకు ఏ క్రమం పెట్టుకోవాలని అడిగేవాళ్లకు నా సలహా ఒక్కటే, ప్రభువు నేర్పిన ప్రార్థనను పట్టుకోండి (మత్తయి 6:9-13). గబగబా వల్లించడానికి వాడకండి. ఒక్కొక్క మాట దగ్గర ఆగి మీ రోజును అందులో పెట్టండి. "నీ చిత్తం నెరవేరాలి" అన్నచోట రేపు మీరు వెళ్లబోయే చోటు పేరు, కలవబోయే మనిషి పేరు చెప్పండి. ఆహారం కన్నా ముందు రాజ్యం అడగమన్నాడు ప్రభువు. మన ప్రార్థన సాధారణంగా ఆహారంతో మొదలై ఆహారంతోనే ముగుస్తుంది. కొన్ని వారాలు ఇలా ప్రార్థించాక మీరు అడిగేవే మారడం గమనిస్తారు.

క్రీస్తు ఎక్కడ ఉన్నాడో, మీరెక్కడ ఉన్నారో చదివి చూసుకోండి

ఎఫెసీ పత్రిక 1:15 నుంచి 2:10 వరకు తీసుకుని, కలం పట్టుకుని చదవండి. క్రీస్తు గురించి చెప్పినవాటి కింద ఒక గీత, మీ గురించి చెప్పినవాటి కింద రెండు గీతలు గీయండి. దేవుడు క్రీస్తును మృతులలో నుంచి లేపాడు, సకల ఆధిపత్యం కన్నా, అధికారం కన్నా ఎంతో పైన తన కుడిపక్కన కూర్చోబెట్టాడు. తరువాతి అధ్యాయంలోకి వచ్చేసరికి, పాపంలో చచ్చిన మనల్ని ఆయనతో కూడ బతికించాడు, ఆయనతో కూడ లేపాడు, క్రీస్తు యేసులో పరలోకంలో కూర్చోబెట్టాడు. గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ స్థానం ఎంతగా ఆయన స్థానానికి ముడిపడి ఉందో కనబడుతుంది.

ఇక్కడ రెండు సంగతులు తేలిగ్గా తప్పిపోతాయి. పౌలు ఆ విశ్వాసులకు శక్తి ఇమ్మని ప్రార్థించలేదు, ఇప్పటికే వాళ్ల పక్షాన పనిచేస్తున్న శక్తిని చూడగలిగేలా వాళ్ల మనోనేత్రాలు వెలిగించమని ప్రార్థించాడు. రోజూ "ప్రభువా, అధికారం ఇవ్వు" అని అడుగుతున్నవాళ్లు కొన్నాళ్లు "ప్రభువా, నువ్విచ్చినది చూపించు" అని అడిగి చూడాలి. రెండోది, అక్కడ ఉన్నది "నన్ను" కాదు, "మనల్ని". సంఘంతో సంబంధం తెంచుకుని ఒంటరిగా తిరుగుతూ గొప్ప అధికారం ఉందని చెప్పుకునేవాళ్ల విషయంలో నేను జాగ్రత్తగా ఉంటాను. మీరూ ఉండండి.

మీరు ముందు అధికారం కిందికి రండి

కపెర్నహూములో ఒక శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, ఉన్నాడు. అతడి దాసుడు పక్షవాతంతో బాధపడుతున్నాడు. యేసు తానే వచ్చి బాగుచేస్తానన్నాడు. అతడు వద్దన్నాడు. నువ్వు నా ఇంటికి రావడానికి నేను తగినవాణ్ని కాను, మాట మాత్రం సెలవివ్వు అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు: నేను కూడా అధికారానికి లోబడినవాణ్నే, నా కింద సైనికులు ఉన్నారు, ఒకణ్ని వెళ్లమంటే వెళ్తాడు (మత్తయి 8:8-9). ఇశ్రాయేలులో ఎవరిలోనూ ఇంత విశ్వాసం చూడలేదని యేసు ఆశ్చర్యపడ్డాడు. ఆ సైనికుడు "నా కింద" అనే ముందు "నేను లోబడినవాణ్ని" అన్నాడు. అతడి మాట చెల్లడానికి కారణం అతడి గొంతు కాదు, అతడి వెనుక ఉన్న రోమా ప్రభుత్వం. పైవాడి మాట వినడం మానేసిన రోజున కిందివాడు అతడి మాట వినడు.

యాకోబు 4:7 కూడా ఇదే వరుసలో ఉంది. దేవునికి లోబడి ఉండండి, అపవాదిని, అంటే సాతానును, ఎదిరించండి, అప్పుడు వాడు పారిపోతాడు. రెండో సగాన్ని మాత్రమే గోడకు రాసుకుంటే వాక్యం సగమే మిగులుతుంది.

కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. దేవుడు మీకు స్పష్టంగా చెప్పి, మీరు ఇంకా లోబడని విషయం ఒకటి ఉంటుంది. ఎక్కువగా వెతకనక్కర్లేదు, ఈ వాక్యం చదువుతుండగానే మీకు తట్టి ఉంటుంది. తీర్చవలసిన అప్పు కావచ్చు, తెంచుకోవలసిన సంబంధం కావచ్చు, ఫోనులో నుంచి తీసేయవలసినది ఏదైనా కావచ్చు. ఏడు విషయాలు పెట్టుకోకండి, ఆ ఒక్కటి పూర్తి చేయండి.

ఆ విషయం క్షమాపణ అయితే దాన్ని అసలు వాయిదా వేయకండి. "ఈ కొండతో ఎత్తబడి సముద్రంలో పడవేయబడుమని చెప్పి..." అనే మార్కు 11:23 మనకు కంఠస్థం. రెండు వచనాల తరువాత 25లో, ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీదనైనా విరోధం ఉంటే క్షమించండి అని ఉంది. కొండలు కదిలించే ప్రార్థనలో ప్రభువు పెట్టిన భాగం అది. క్షమించడం అంటే జరిగిన అన్యాయాన్ని దాచిపెట్టడం కాదు, హింసించేవాడి దగ్గరకు తిరిగి వెళ్లమని కూడా కాదు. పగ తీర్చుకునే హక్కును దేవుని చేతికి అప్పగించడం. మీకు అపాయం ఉన్నచోటు నుంచి బయటపడి, సహాయం తీసుకుని, అక్కడి నుంచి కూడా క్షమించవచ్చు.

ఏది ఇచ్చాడో, ఏది ఇవ్వలేదో తెలుసుకోండి

ఇచ్చినది చిన్నది కాదు. అంధకారపు అధికారం నుంచి మనల్ని విడిపించి తన కుమారుని రాజ్యంలోకి తెచ్చాడు (కొలొస్సీ 1:13), కాబట్టి పాపం మీ మీద ఏలనక్కర్లేదు. అపవాది వేసే నేరారోపణను తోసిపుచ్చవచ్చు. దురాత్మలు యేసు నామానికి లోబడతాయి. సువార్త ప్రకటించి, నమ్మినవారికి పాపక్షమాపణ ఉందని నిస్సందేహంగా చెప్పవచ్చు. రోగుల కోసం విశ్వాసంతో ప్రార్థించవచ్చు.

ఇవ్వనివి కూడా ఉన్నాయి. మరో మనిషి ఇష్టాన్ని వంచే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. మీ భర్తో, భార్యో, కొడుకో మారాలని కన్నీటితో ప్రార్థించండి, కానీ "మారు" అని వాళ్ల ఆత్మకు ఆజ్ఞాపించడం వాక్యంలో లేదు. దేవుని సమయాన్ని నిర్ణయించే అధికారం ఇవ్వలేదు. పౌలు ద్వారా ఎన్నో అద్భుతాలు జరిగాయి, అయినా తన సహచరుడు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలు" అన్న జవాబు వచ్చింది. పౌలు అది విశ్వాసలోపం అనుకోలేదు.

"భూమి మీద మీరు బంధించేవి..." అనే మత్తయి 18:18ని ఆ అధ్యాయంలో పెట్టి చదవండి. తప్పు చేసిన సహోదరుణ్ని ఒంటరిగా కలిసి, తరువాత ఒకరిద్దరితో కలిసి, తరువాత సంఘానికి చెప్పి సరిదిద్దే క్రమం చెప్పిన వెంటనే ఆ మాట వస్తుంది. ఆ మాటను ప్రతి ఇబ్బందినీ కట్టేసే తాడుగా వాడేవాళ్లు, పక్కనే ఉన్న సహోదరుడితో సమాధానపడే పని మాత్రం వదిలేస్తుంటారు. ఇక సాతానును ఎగతాళి చేస్తూ, తిడుతూ ప్రార్థించేవాళ్లకు యూదా పత్రిక 9వ వచనం చూపించాలి. ప్రధానదూత మిఖాయేలే దూషించి తీర్పు తీర్చడానికి తెగించలేదు, "ప్రభువు నిన్ను గద్దించును గాక" అన్నాడు.

ఇప్పుడు, మాట్లాడండి

యొప్పేలో తబిత అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు పేతురు ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 9:40లో వరుసగా ఉంది. మేడగదిలో విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు చూపిస్తూ ఏడుస్తున్నారు. పేతురు అందరినీ బయటికి పంపాడు. మోకరించాడు. ప్రార్థించాడు. తరువాత శవం వైపు తిరిగి "తబితా, లెమ్ము" అన్నాడు. ముందు దేవుని వైపు, తరువాత సమస్య వైపు. ఆజ్ఞ రెండు మాటలు. ఆయన మోకాళ్ల మీద ఎంతసేపు ఉన్నాడో లూకా రాయలేదు.

మీరూ ఈ క్రమాన్నే పాటించండి. ముందు తండ్రితో మాట్లాడండి. ఆయన చిత్తం ఏమిటో, ఈ విషయంలో ఆయన వాక్యం ఏమి చెబుతుందో అడగండి. తరువాత, ఎదిరించవలసినది ఉంటే, క్లుప్తంగా ఎదిరించండి. పౌలు ఫిలిప్పీలో పుతోను అనే దయ్యం పట్టిన అమ్మాయి విషయంలో చాలా రోజులు ఊరుకున్నాడు. మాట్లాడిన రోజున ఒక్క వాక్యమే మాట్లాడాడు, దయ్యం వెంటనే వదిలింది. గొంతు పెంచితే అధికారం పెరగదు.

రాత్రి రెండు గంటలకు అకారణమైన భయంతో మెలకువ వచ్చిందనుకోండి. లేచి కూర్చోండి, దీపం వేసుకోండి. "తండ్రీ, నేను నీ బిడ్డను, నీ సన్నిధిలో ఉన్నాను" అని మొదలుపెట్టండి. 2 తిమోతి 1:7 పైకి చదవండి, దేవుడు మనకు పిరికితనం గల ఆత్మను ఇవ్వలేదు. "యేసు నామంలో ఈ భయాన్ని నిరాకరిస్తున్నాను; ఇది నా తండ్రి దగ్గర నుంచి వచ్చినది కాదు" అని మామూలు గొంతుతో, పక్కవాళ్ల నిద్ర చెడకుండా చెప్పండి. తరువాత ఒక కీర్తన చదివి పడుకోండి. భయం మళ్లీ వస్తే మళ్లీ అదే చేయండి. అరణ్యంలో శోధకుడు ఒకసారి వచ్చి వెళ్లిపోలేదు. యేసు మూడుసార్లూ "వ్రాయబడియున్నది" అనే జవాబిచ్చాడు, మూడు వాక్యాలూ ద్వితీయోపదేశకాండంలోవే. ఆ పుస్తకం ఆయన హృదయంలో ముందే ఉంది. మీకు తరచుగా వచ్చే శోధన ఏదో మీకు తెలుసు కాబట్టి, దానికి సరిపడే రెండు మూడు వచనాలు ఇప్పుడే కంఠస్థం చేసుకోండి. అలాంటి భయాలు వారాల తరబడి వదలకపోతే ప్రార్థన మానకుండానే వైద్యుణ్ని కూడా కలవండి.

యేసు నామాన్ని మంత్రంలా వాడితే ఏమవుతుందో స్కెవ అనే యూదుల ప్రధానయాజకుడి కుమారులు ఏడుగురు చూపించారు. "పౌలు ప్రకటించే యేసు తోడు" అని ఎఫెసులో దయ్యానికి ఆజ్ఞాపించారు. "యేసును గుర్తెరుగుదును, పౌలును కూడ ఎరుగుదును, గాని మీరెవరు?" అని అది అడిగింది. వాళ్లు గాయాలతో, బట్టలు లేకుండా ఆ ఇంట్లో నుంచి పారిపోయారు. మాటలు సరిగ్గానే పలికారు. ఆ నామం గలవాడితోనే వాళ్లకు పరిచయం లేదు.

ఇతరుల కోసం ప్రార్థించేటప్పుడు

ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాను, ఎందుకంటే అధికారం పేరుతో మనుషులు గాయపడుతున్నారు.

ఎదుటి మనిషి అనుమతి అడగండి. ఒంటరిగా కాకుండా, పరిపక్వత ఉన్న మరొకరితో కలిసి వెళ్లండి. స్త్రీ కోసం ప్రార్థిస్తుంటే మరో స్త్రీ అక్కడ ఉండాలి. ఎవరినీ కొట్టకండి, కట్టేయకండి, ఆకలితో మాడ్చకండి, నలుగురిలో అవమానించకండి. యేసు విడిపించినవాళ్లలో ఎవరినీ అలా చేయలేదు. మందులు ఆపమని చెప్పే అధికారం మీకు లేదు. మూర్ఛ, మతిభ్రమణం, తీవ్రమైన దిగులు వంటివి కనబడగానే దయ్యం అని ముద్ర వేయకండి, మత్తయి 4:24లోనే దయ్యం పట్టినవారిని, మూర్ఛరోగులను వేర్వేరుగా పేర్కొన్నారు. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే ప్రార్థించి పంపేయకండి. వాళ్లను ఒంటరిగా వదలకుండా కుటుంబానికి చెప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డబ్బు తీసుకోకండి. గారడీ చేసే సీమోను పరిశుద్ధాత్మను ఇచ్చే శక్తిని వెండితో కొనాలనుకుంటే, నీ వెండి నీతో కూడ నశించును గాక అన్నాడు పేతురు (అపొస్తలుల కార్యములు 8:20). కానుక ఇస్తేనే విడుదల వస్తుందని చెప్పే వ్యక్తి ఎంత పేరున్నవాడైనా, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

జవాబు రాకపోతే, వస్తే

రాకపోతే రోగిని నిందించకండి. "నీలో ఏదో పాపం దాగి ఉంది", "నీ విశ్వాసం చాలలేదు" అన్న మాటలు యోబు స్నేహితులు ఎప్పుడో అన్నారు, దేవుడు వాళ్ల మీద కోపగించాడు. తండ్రికి అత్యంత ప్రియమైన కుమారుడే గెత్సేమనేలో ఈ గిన్నె తొలగించమని అడిగాడు, గిన్నె తొలగలేదు. ఆయన మళ్లీ వెళ్లి మళ్లీ ప్రార్థించాడు. మీరూ మళ్లీ వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ రోగికి చేయగల సాయం, అంటే ఆసుపత్రి దగ్గర కూర్చోవడం, పిల్లలను చూసుకోవడం, చేస్తూనే వెళ్లండి. జవాబు రాని కాలంలో దేవుని ఎదుట ఏడవడం కూడా ప్రవేశమే. కీర్తనల గ్రంథంలో చాలా కీర్తనలు ఆ ఏడుపులే.

వస్తే, డెబ్బైమంది శిష్యులు తిరిగి వచ్చినప్పుడు ప్రభువు చెప్పిన మాట గుర్తుంచుకోండి. దయ్యాలు లోబడుతున్నాయని వాళ్లు సంతోషించారు. ఆయన వాళ్లకు అధికారం ఇచ్చానని ఒప్పుకుంటూనే, మీ పేర్లు పరలోకంలో రాయబడ్డాయని సంతోషించండి అన్నాడు (లూకా 10:17-20). ఆ సాయంత్రం ఏకాంత ప్రార్థనకు వెళ్లినప్పుడు జరిగిన అద్భుతం కన్నా ముందు, మీ పేరు పరలోకంలో రాయబడినందుకు కృతజ్ఞత చెప్పండి.

స్వస్థత గురించి సంఘంలో చెప్పాలనుకుంటే తొందరపడకండి. యేసు కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరితోనూ చెప్పవద్దని, వెళ్లి యాజకుడికి కనబరచుకోమని పంపాడు (మత్తయి 8:4). పరీక్షించి చూడవలసినవాడు యాజకుడే. మీరు కూడా బాగుపడిన వ్యక్తిని వైద్యుడి దగ్గరకు పంపండి, పరీక్షలు చేయించుకోమనండి, మందులు తగ్గించాలో మానాలో ఆయనే చెప్పనివ్వండి. ఆ తరువాత సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది ఆ వ్యక్తి ఇష్టం. చెబితే తన నోటితో, జరిగింది జరిగినట్టే చెప్పాలి. మీ పేరు ఎత్తనక్కర్లేదని ముందే చెప్పి ఉంచండి.